పిల్లలు తగ్గితే బడి ఖర్చు తగ్గుతుందా?

సంపాదకులకు నమస్కారం.

మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకు ఈ ఏడాది మంజూరైన నిర్వహణ గ్రాంటు 10,000 రూపాయలు. బడిలో పిల్లలు 29 మంది. అంతకుముందు ఏడాది 31 మంది ఉన్నారు, అప్పుడు 25,000 మంజూరైంది. ఇద్దరు పిల్లలు తగ్గినందుకు 15,000 రూపాయలు పోయాయి. గదులు మాత్రం అవే రెండు. మరుగుదొడ్లు అవే, బోరు మోటారు అదే, ఆర్వో యంత్రం అదే, కురిసే పైకప్పూ అదే. ఈ లెక్క న్యాయం కాదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవైనా దయచేసి ప్రచురించండి.

నాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లె. పలాస-కాశీబుగ్గలో ఒక జీడిపప్పు పరిశ్రమలో లెక్కలు రాస్తాను. పిక్కల బస్తాలు ఎన్ని దిగాయి, గుండు (విరగని పప్పు) ఎంత తేలింది, బద్ద ఎంత, ఎవరికి ఎంత కూలి అని రోజూ పుస్తకంలోకి ఎక్కించడం నా పని. మా పాప నాలుగో తరగతి, బాబు రెండో తరగతి. ఇద్దరూ మా ఊరి బడిలోనే చదువుతున్నారు. 2024 ఆగస్టులో రాష్ట్రమంతటా పాఠశాల యాజమాన్య కమిటీలకు ఎన్నికలు జరిగినప్పుడు తోటి తల్లిదండ్రులు నన్ను చైర్‌పర్సన్‌గా ఎన్నుకున్నారు. ఊరి పేరు, బడి పేరు రాయడం లేదు. మా హెచ్‌ఎం మంచి మనిషి. నా ఉత్తరం వల్ల ఆయన ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన పరిస్థితి రాకూడదు.

10,000 రూపాయలను 12 నెలలకు పంచితే నెలకు 833. ఫ్యాన్లు తిరిగే నెలల్లో కరెంటు బిల్లు ఒక్కటే 700 దాకా వస్తుంది. ఏడాది మొత్తం మీద గ్రాంటులో సగానికి పైగా కరెంటుకే పోతుంది. కనీసం 10 శాతం, అంటే 1,000 రూపాయలు, పరిశుభ్రత పనులకే ఖర్చు చేయాలని నిబంధన. మంచి నిబంధనే. మిగిలిన మూడు వేల చిల్లరతో సుద్దముక్కలు, రిజిస్టర్లు, పరీక్ష పేపర్ల జిరాక్సులు, బల్బులు, తలుపు గొళ్లాలు, ఆగస్టు 15కు జెండా తాడు, పిల్లలకు మిఠాయి కొనాలి. నిరుడు వానల్లో బోరు మోటారు కాలిపోయింది. రీవైండింగ్‌కు మెకానిక్ 3,500 అడిగాడు. ఖాతాలో అంత లేదు. హెచ్‌ఎం తన జేబులోంచి 2,000 తీసి ఇచ్చారు, మిగతాది మేము ఇంటింటికీ వెళ్లి పోగుచేశాం. ఈలోగా నాలుగు, ఐదు తరగతుల పిల్లలు పక్కింటి బోరు దగ్గర నుంచి మరుగుదొడ్లకు బకెట్లతో నీళ్లు మోశారు. మోసినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. చదువుకోమని పంపిన పిల్ల బకెట్ మోసుకుంటూ ఎదురైతే తల్లి కడుపు ఎలా తరుక్కుపోతుందో నేను వేరే చెప్పనక్కరలేదు.

ప్రభుత్వ గ్రాంటు చాలని చోటల్లా టీచరు జేబు, తల్లుల కొంగుముడి ఖాళీ అవుతున్నాయి. ఈ సొమ్ము ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనిపించదు. కనిపించదు కాబట్టి 10,000తో బడి నడిచిపోతోందని పైవాళ్లు అనుకుంటారు. నడుస్తున్నది ఆ 10,000తో కాదు.

ఆ కాస్త సొమ్మయినా వేళకు అందితే బాగుండును. బడులు జూన్‌లో తెరుస్తారు. ఖర్చంతా అప్పుడే: రంగు వెలిసిన నల్లబల్ల, ఎలుకలు కొరికిన వైరు, సెలవుల్లో పాడైన కుళాయిలు. గ్రాంటులో మొదటి సగం మాకు దీపావళి దాటాక వచ్చింది. మిగతాది మార్చిలో వచ్చింది. ఇప్పుడున్న పద్ధతిలో బడి ఖాతాలో డబ్బు నిలవ ఉండదు, ఖర్చు పెట్టుకునే పరిమితి మాత్రమే ఇస్తారు. మార్చి 31 లోపు బిల్లులు పెట్టకపోతే ఆ పరిమితి రద్దయిపోతుంది. పరీక్షల వేళ, పది రోజుల వ్యవధిలో, మా టీచర్లు పాఠం వదిలి బిల్లుల కోసం కాశీబుగ్గ దుకాణాల చుట్టూ తిరిగారు. అలా హడావిడిగా కొన్నది ఎప్పుడూ సరైన ధరకు రాదు. రోజూ సరుకు కొని బిల్లు రాయించే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

ఇక ఆ 10,000 అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. బడి చదువుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ఇచ్చే ఈ సొమ్మును కాంపోజిట్ స్కూల్ గ్రాంటు అంటారు. మన రాష్ట్రానికి సంబంధించి అందులో కేంద్రం వాటా 60 పాళ్లు, రాష్ట్రం వాటా 40 పాళ్లు. ప్రస్తుత నిబంధన ప్రకారం 30 మంది వరకు పిల్లలున్న బడికి 10,000, ఆపైన 100 మంది వరకు 25,000, 250 వరకు 50,000, 1,000 వరకు 75,000, ఇంకా పెద్ద బడికి లక్ష రూపాయలు. 2018లో సమగ్ర శిక్ష మొదలైనప్పుడు 16 మంది పిల్లలున్న బడికి కూడా 25,000 ఇచ్చేవారు. తర్వాత నిబంధనలు సవరించి ఆ గీతను 30 దాటించారు. 16 నుంచి 30 మంది పిల్లలున్న ప్రతి బడికీ ఒక్క కలం పోటుతో 15,000 రూపాయల కోత పడింది. దాని గురించి మా ఊళ్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. మంజూరు కాగితం చూశాక గానీ మాకు తెలియలేదు.

ఇంకా వెనక్కి వెళదాం. సమగ్ర శిక్షకు ముందున్న సర్వశిక్షా అభియాన్ పథకం కాలంలో ప్రాథమిక బడికి ఏటా స్కూలు గ్రాంటు 5,000, మూడు గదుల వరకు ఉన్న బడికి మరమ్మతుల గ్రాంటు మరో 5,000 ఇచ్చేవారు. కలిపితే 10,000. అంటే నేను చదువుకున్న రోజుల్లోని అంకె దగ్గరే నా పిల్లల బడి ఆగిపోయింది. ఈ మధ్యకాలంలో సిమెంటు బస్తా ధర ఆగిందా? తాపీమేస్త్రి కూలి ఆగిందా? కరెంటు ఛార్జీ ఆగిందా?

పిల్లల సంఖ్యను బట్టి ఇవ్వడం తప్పని నేను అనడం లేదు. పుస్తకాలు, యూనిఫాం, భోజనం తలను బట్టే లెక్కకట్టాలి. కానీ బడి ఖర్చులో పెద్ద భాగం తలతో సంబంధం లేనిది. తుపానులో తోటలో పది చెట్లు పడిపోయినంత మాత్రాన తోట చుట్టూ కంచె పొడవు తగ్గదు కదా. 29 మంది ఉన్నా 59 మంది ఉన్నా ఆ గదికి ఫ్యాన్లు తిరగాల్సిందే, ఆ పైకప్పుకు ఏటా వానకు ముందు సిమెంటు పూత వేయాల్సిందే.

పెద్ద బడులకు ఎక్కువ ఇస్తున్నారన్న ఫిర్యాదు కూడా కాదు నాది. 1,000 మంది చదివే హైస్కూలుకు 75,000 అంటే ఏడాదికి ఒక్కో విద్యార్థికి 75 రూపాయలు. కౌమారంలో ఉన్న ఆడపిల్లలు వందల మంది ఉన్న చోట మరుగుదొడ్లు, నీళ్లు, ల్యాబ్, గ్రౌండు అన్నీ అందులోనే చూసుకోవాలి. అక్కడా చాలదు, ఇక్కడా చాలదు. చిన్న బడికీ పెద్ద బడికీ మధ్య తగవు పెట్టి ఒకరి ముక్క ఇంకొకరికి పంచితే సమస్య తీరదు. మొత్తం రొక్కమే పెరగాలి.

మా బడిలో పిల్లలు ఎందుకు తగ్గారో కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరాన్ని తాకింది. ఉద్దానం అని పిలిచే మా ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యాయి. కొబ్బరి మొక్క నాటి కాపు చూడటానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు ఇంట్లో పొయ్యి ఆగదు కాబట్టి మా ఊరి మగవాళ్లు తాపీ పనికి చెన్నై, హైదరాబాద్ వెళ్లారు. తీరంలోని మత్స్యకార గ్రామాల నుంచి గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు వెళ్లడం ఎప్పటి నుంచో ఉన్నదే. మొదట మగవాళ్లే వెళ్లేవారు. ఇప్పుడు భార్యాబిడ్డలను కూడా తీసుకుపోతున్నారు. మా రిజిస్టరులోంచి పోయిన ఇద్దరు పిల్లలూ అన్నాచెల్లెళ్లు. వాళ్ల నాన్న చెన్నైలో అపార్టుమెంట్ల పనిలో ఉన్నాడు. బడుల లెక్కకు ఆధారమైన యూడైస్ నమోదుకు సెప్టెంబరు 30 ప్రామాణికమైన తేదీ. ఆ తేదీకి ఆ పిల్లలు చెన్నైలో ఉన్నారు. సంక్రాంతికి వాళ్లమ్మ పిల్లలతో ఊరికి తిరిగొచ్చి మళ్లీ మా బడిలోనే చేర్చింది. చేర్చుకోము అనడానికి లేదు, అనకూడదు కూడా. పిల్లలు వచ్చారు, 15,000 మాత్రం రాలేదు.

ఇంకో కారణం ప్రభుత్వ నిర్ణయాలే. 2022లో జీవో 117 వచ్చినప్పుడు కిలోమీటరు లోపు హైస్కూలు ఉన్న చోట ప్రాథమిక బడిలోని 3, 4, 5 తరగతులను అందులోకి తరలించారు. మాకు దగ్గరలో హైస్కూలు లేదు కాబట్టి మా తరగతులు కదల్లేదు. పక్క పంచాయతీలో కదిలాయి. ఎనిమిదేళ్ల పిల్లను పదో తరగతి కుర్రాళ్ల మధ్యకు పంపడానికి బెంగపడిన తల్లులు కాశీబుగ్గ ప్రైవేటు బడి బస్సు ఎక్కించారు. ఆ బస్సు దారిలో మా ఊరు కూడా ఉంది, మా పిల్లలూ కొందరు ఎక్కారు. 2025లో ఆ జీవోను రద్దు చేశారు, తరగతులు వెనక్కి వచ్చాయి. బస్సెక్కినవాళ్లందరూ వెనక్కి రాలేదు. తరలించమన్నది తల్లులు కాదు, తుపానును పిలిచిందీ తల్లులు కాదు. శిక్ష మాత్రం బడిలో మిగిలిన 29 మందికి పడింది. వాళ్లెవరంటే, బస్సు ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు. డబ్బు ఎక్కువ అవసరమైన చోట తక్కువ ఇచ్చే పద్ధతి ఇది.

నీళ్ల సంగతి అన్నిటికంటే ముఖ్యం. ఉద్దానం గురించి మీ పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఇల్లిల్లూ తాకింది. కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. మా ఊరి పిల్లలకు పలక పట్టకముందే డయాలసిస్ అనే మాట వస్తుంది. మా బడిలో ఒక పాప తాతయ్య, ఒక బాబు నాన్న డయాలసిస్‌కు పలాస వెళ్తూ ఉంటారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది, హిరమండలం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకమూ ప్రారంభమైంది. రెండూ మాకు ఎంతో మేలు చేసినవి. కానీ పైపుల నీళ్లు మా వీధి చివరికి రోజూ ఒకే తీరున రావు. రాని రోజు బడికి ఆధారం ఆర్వో యంత్రమే.

ప్రభుత్వ బడులకు వసతులు సమకూర్చే నాడు-నేడు పథకం కింద వచ్చిన యంత్రం అది. నిర్వహణ గడువు ఉన్నన్నాళ్లు మనిషి వచ్చి చూసి వెళ్లేవాడు. గడువు తీరాక బాధ్యత బడిదే అయింది. ఫిల్టర్లు, మెంబ్రేన్ కలిపి ఏడాదికి 6,000 పైమాటే. ఉప్పుగాలికి లోపలి కనెక్షన్లు తుప్పు పడతాయి, అది వేరే ఖర్చు. మొన్న యంత్రం ఆగినప్పుడు 20 లీటర్ల టిన్నులు తెప్పించాం. తాగడానికి, వంటకు కలిపి రోజుకు రెండు టిన్నులు, 30 రూపాయలు. 220 పనిదినాలకు 6,600. గ్రాంటులో మూడింట రెండు వంతులు. అలా ఎన్ని రోజులు తెప్పించగలం? చివరికి పిల్లలను ఇంటి నుంచే నీళ్లు తెచ్చుకోమన్నారు. ఇంట్లో ఫిల్టరు ఉన్న పిల్ల ఆ నీళ్లు తెచ్చుకుంది. లేని పిల్ల బోరు నీళ్లు సీసాలో నింపుకుని వచ్చింది. ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లల సీసాల్లో రెండు రకాల నీళ్లు. ఉద్దానంలో ఈ తేడా చిన్నది కాదు. సమాన అవకాశం గురించి ఎన్ని మాటలు చెప్పినా, మంచినీళ్ల దగ్గరే పిల్లలు రెండుగా చీలిపోతే ఇంక ఏం మిగిలింది?

అనంతపురంలో 29 మంది ఉన్న బడికీ, విజయవాడ శివారులో 29 మంది ఉన్న బడికీ, ఉద్దానంలో 29 మంది ఉన్న బడికీ ఒకటే 10,000. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తినేసే చోటు, స్లాబు పెచ్చులూడి ఇనుము బయటపడే చోటు, తాగే నీరే ప్రాణగండమైన చోటు వేరు. మందస కొండల్లో సవర గిరిజనుల గూడేల బడుల అవసరం ఇంకా వేరు. అందరికీ ఒకే మొత్తం ఇవ్వడం పైకి సమానంగా కనిపిస్తుంది. అవసరాన్ని బట్టి ఇస్తేనే న్యాయం.

ఇది నా సొంత కోరిక కాదు, చట్టంలో రాసి ఉన్నదే. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 22వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. ప్రభుత్వమో స్థానిక సంస్థో ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం కావాలి. 7వ సెక్షన్ నిధులు సమకూర్చే బాధ్యతను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెండింటి మీదా పెట్టింది. కాబట్టి ఇది ఢిల్లీ పని అని అమరావతి, అమరావతి పని అని ఢిల్లీ తప్పుకోవడానికి లేదు. చట్టం షెడ్యూలులోనే సురక్షితమైన తాగునీరు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు, ప్రహరీ, ఆటస్థలం ఉండాలని రాశారు.

మా కమిటీ ప్రణాళిక రాసింది. తల్లులు చాపల మీద కూర్చుని, ఎవరి పిల్ల ఏం చెప్పిందో గుర్తుచేసుకుంటూ రాయించారు. ఆర్వో యంత్రానికి ఏడాది నిర్వహణ, రెండో గది పైకప్పుకు పూత, తూర్పు వైపు కూలిన ప్రహరీ, ఒక పిల్లాడికి నడవడం కష్టం కాబట్టి మెట్ల పక్కన ర్యాంపుకు కడ్డీ. మొత్తం 68,000 రూపాయలకు అంచనా తేలింది. జీడి లెక్కలు రాసే చేత్తోనే నేను ఆ అంచనా రాశాను, ప్రతి వస్తువుకూ దుకాణం ధర కనుక్కునే రాశాను. పై కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాం. దానికి జవాబు రాలేదు. ప్రణాళికను ఎవరైనా చదివి, ఇందులో ఫలానాది ఎక్కువ రాశారు, ఫలానాది ఇవ్వలేము అని చెప్పినా మాకు గౌరవంగా ఉండేది. మంజూరు మాత్రం పిల్లల సంఖ్య పట్టీ చూసి వచ్చింది.

ఈ మాటలు ఎత్తినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. 29 మందికి ఒక బడి దేనికి, మూసేసి పెద్ద బడిలో కలిపేయవచ్చు కదా అంటారు. చదువుకున్నవాళ్లే అంటారు. మా ఊరికీ ఆ పెద్ద బడికీ మధ్య గెడ్డ (వాగు) ఉంది. వానాకాలంలో దాని మీది కాజ్‌వే మునిగితే పెద్దవాళ్లే ఆగిపోతాం. ఆరేళ్ల పిల్లకు కిలోమీటరు లోపు ప్రాథమిక బడి ఉండాలన్న నిబంధన ఊరికే పెట్టలేదు. బడి దూరమైతే ముందు మానేసేది ఆడపిల్ల. ఆ తర్వాత మానేసేది వికలాంగుడైన పిల్లాడు. మా ఊరి బడి మూస్తే కలిసొచ్చేది కరెంటు బిల్లు, ఫినాయిల్ డబ్బా. పోయేది ఆ ఇద్దరి చదువు.

దాతలను అడగవచ్చు కదా అని ఇంకొందరు అంటారు. అడిగాం, ఇచ్చినవాళ్లున్నారు, వాళ్లకు మా దండాలు. విశాఖలో స్థిరపడిన పూర్వ విద్యార్థి ఒకరు టీవీ ఇచ్చారు. కానీ దాతలు కళ్లకు కనిపించేదే ఇస్తారు, పేరు రాసుకునేందుకు చోటున్నదే ఇస్తారు. ప్రతి నెలా కరెంటు బిల్లు కట్టే దాత ఎక్కడా దొరకడు. మన జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు నూరేళ్ల కిందట సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చారు. అంతటి మనిషిని తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. అప్పుడు పరాయి ప్రభుత్వం, చదువు హక్కు అనే మాటే లేదు. ఇప్పుడు రాజ్యాంగంలో 21ఎ అధికరణం ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత విద్య ప్రాథమిక హక్కు. హక్కుగా రావాల్సినదాన్ని దానంగా అడుక్కోవాల్సిన పరిస్థితి మా పిల్లలకు ఎందుకు?

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను రాయను, అది అబద్ధమవుతుంది. 2019లో మొదలైన నాడు-నేడు వల్ల మా బడికి మరుగుదొడ్లు, బల్లలు, రంగులు వచ్చాయి. 2025 జూన్ నుంచి భోజనానికి సన్నబియ్యం వస్తోంది, పిల్లలు ఇష్టంగా తింటున్నారు. బడికి వెళ్లే పిల్లల తల్లులకు డబ్బిచ్చే తల్లికి వందనం పథకం కింద మా ఇద్దరు పిల్లలకు 13,000 చొప్పున నా ఖాతాలో పడింది. ఒక్కొక్కరి 15,000లోంచి 2,000 బడుల నిర్వహణకు, పారిశుద్ధ్యానికి తీసి ఉంచారు. నాకు అభ్యంతరం లేదు. మా మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయంటే వాటిని కడిగే ఆయా చలవే, ఆమెకు జీతం రావాలి. అయితే తల్లుల పేరున తీసిన సొమ్ములో ఏ బడికి ఎంత ఖర్చు పెట్టారో ఆ బడి గోడ మీద రాయాలి. తల్లులకు చూపించని లెక్క మీద తల్లులకు నమ్మకం ఎలా కుదురుతుంది?

వంట చేసే అక్క గురించి రెండు మాటలు రాయకుండా ఉండలేను. మధ్యాహ్న భోజనం వండేవారికి కేంద్రం 2009లో నెలకు 1,000 రూపాయలు నిర్ణయించింది. అదే ఇప్పటికీ ఉంది. 2019లో మన రాష్ట్రం దాన్ని 3,000 చేసింది కాబట్టి కాస్త నయం. ఆమె ఉదయం తొమ్మిదికి వచ్చి, మధ్యాహ్నం మూడు వరకు ఉంటుంది. జీడి పిక్కలు కొట్టే కూలి దీనికంటే మెరుగు. అయినా పిల్లల మీద మమకారంతో మానలేదు. కూరగాయల బిల్లు ఆలస్యమైతే కిరాణా కొట్టులో అప్పు ఆమె పేరునే పడుతుంది.

డబ్బు లేదంటారా? మా యజమాని ఆదాయపు పన్ను కాగితాలు సర్దేటప్పుడు నేను ప్రతి ఏడాదీ ఒక పంక్తి చూస్తాను: ఆరోగ్యం, విద్య సుంకం 4 శాతం. 2004లో చదువు కోసమని 2 శాతంతో మొదలుపెట్టారు, 2007లో ఇంకో 1 శాతం కలిపారు, 2018లో 4 శాతం చేశారు. పన్నుల్లో రాష్ట్రాలకు వాటా ఉంటుంది, ఇలాంటి సుంకంలో ఉండదు, మొత్తం కేంద్రం దగ్గరే ఉంటుంది. చదువు పేరు చెప్పి ఇన్నేళ్లుగా వసూలు చేసే సొమ్ములోంచి చిన్న బడికి 15,000 కోత కోయాల్సిన అవసరం ఎలా వచ్చింది? జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఖర్చు చేయాలని కొఠారి కమిషన్ 1966లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం అదే 6 శాతాన్ని మళ్లీ రాసుకుంది, అప్పటికి 4.43 శాతమే ఖర్చవుతోందని కూడా అదే పత్రంలో ఉంది. మధ్యలో మా అమ్మ తరం, నా తరం బడి దాటిపోయాయి.

మేము అడుగుతున్నది స్పష్టం. పిల్లల సంఖ్య ఎంతైనా సరే, నడుస్తున్న ప్రతి ప్రభుత్వ బడికీ ఏడాదికి కనీసం 50,000 రూపాయల నిర్వహణ నిధి ఉండాలి. దాని మీద ఒక్కో పిల్లకు ఇంత అని కలపాలి, అప్పుడు ఒకరిద్దరు తగ్గినా వేల రూపాయలు కూలిపోవు. తీరప్రాంతపు బడులకు, కొండ మీది గూడేల బడులకు అదనంగా ఇవ్వాలి. ఉద్దానం ఏడు మండలాల్లో బడుల తాగునీటి యంత్రాల నిర్వహణను గ్రాంటు నుంచి విడదీసి, జిల్లా స్థాయిలో ఒక్కటిగా చూసుకోవాలి. సొమ్ములో సగమైనా జూన్ మొదటి వారంలో చేతికి రావాలి, మార్చి 31న మిగిలింది తర్వాతి ఏడాదికి వాడుకోనివ్వాలి. కమిటీలు ఇచ్చిన ప్రణాళికలకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. నిబంధనలు మార్చడం కేంద్రం చేతిలో ఉన్నదైతే అది మారేవరకు లోటును రాష్ట్రం పూడ్చాలి. మా శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు ఈ విషయాన్ని సభల్లో లేవనెత్తాలని పేరుపేరునా కోరుతున్నాను. డబ్బు ఇస్తే బడుల్లో తినేస్తారని భయపడేవాళ్లకు మా జవాబు ఒక్కటే: ప్రతి రూపాయినీ గోడ మీద రాస్తాం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

మా బడి జమాఖర్చుల పట్టిక నకలు, 68,000 అంచనా నకలు ఈ ఉత్తరంతో జతచేశాను. అందులో ఊరి పేరు కొట్టేశాను, అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో 30 మంది లోపు పిల్లలున్న బడుల కమిటీలు కూడా తమ లెక్కలు మీకు పంపాలని కోరుతున్నాను. వచ్చినవాటిని మీరు ఒక్కచోట అచ్చు వేయండి. వచ్చే ఏడాది సమగ్ర శిక్ష వార్షిక ప్రణాళిక ఢిల్లీకి వెళ్లేలోపు అవి అధికారుల బల్ల మీద ఉండాలి.

ఇట్లు,
పాఠశాల యాజమాన్య కమిటీ చైర్‌పర్సన్,
వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా.